పాలుకిచ్చిన ఇరుసు

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. ఎవరి దగ్గర ఏ వస్తువు కనిపించినా, అది వాళ్ల దగ్గరికి ఎలా వచ్చిందో అడగకుండా ఉండలేను. మా అవ్వ ఈ జబ్బుకు చాలాసార్లు చెవి మెలిపెట్టి వైద్యం చేసింది కానీ లాభం లేకపోయింది. హైదరాబాదులో మోటారు బండ్లమ్మే సేటు నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నది నా చదువు చూసి కాదనీ, ఈ జబ్బు చూసేననీ నాకు అనుమానం. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో నాకు తెలియని దారి లేకపోవడం కూడా ఒక కారణమేమో.

ఇప్పుడు షోరూముల్లో కొలువు చేస్తున్న పిల్లలు కనిపిస్తే నన్ను అడుగుతుంటారు, “తాతా, మీ రోజుల్లో స్పేర్ పార్టులు ఎన్నాళ్లకు వచ్చేవి?” అని. యాభైల నడుమ నుంచి మాకు అవి రావడమే మానేశాయి నాయనా. బండ్లు చేసిన అమెరికా కంపెనీ దేశం వదిలి వెళ్లిపోయింది. బండ్లు మాత్రం ఇక్కడే మిగిలిపోయాయి. ఆ మిగిలిన బండ్ల వెంట తిరగడమే నా ఉద్యోగం.

ఆ కంపెనీ పేరు చెప్పను. పేరు చెబితే మీరు ఫోనులో వెతికి నేను చెప్పినవన్నీ నిజమో కాదో చూస్తారు. నేను విన్నది మా షెడ్డు ఫోర్‌మన్ నోటి నుంచి. ఆయన బొంబాయిలో ఆ కంపెనీ కార్ఖానాలో పనిచేసి, అది మూతపడ్డాక మా సేటు దగ్గరికి వచ్చినవాడు. పొద్దున ఛాయ్ చేతికి రాగానే ఆ కంపెనీ చరిత్ర మొదలుపెట్టేవాడు, ఇంట్లో పెద్దవాళ్లు తాతముత్తాతల సంగతులు చెప్పినట్టు.

కంపెనీ మొదలుపెట్టిన పెద్దమనిషి అసలు గుర్రపు బగ్గీలు అమ్ముకునేవాడట. మోటారును చూసి మొదట ముక్కు చిట్లించాడట. తరువాత మనసు మారి, అప్పటికే కార్లు చేస్తున్న చిన్న కంపెనీలను ఒకటొకటిగా కొని ఒకే కొట్టంలో కట్టేశాడట. చివరికి ఆయన కంపెనీలోంచి ఆయన్నే వెళ్లగొట్టారట. ఊరుకున్నాడా, మళ్లీ వచ్చాడు. మళ్లీ వెళ్లగొట్టారు. ఆ తరువాత వచ్చినవాళ్లు ఇంకా తెలివిగలవాళ్లు. కొత్తగా కొలువు దొరికినవాడికి ఒక కారు, కాస్త పైకొచ్చినవాడికి ఇంకో కారు, పూర్తిగా పైకొచ్చి పొట్ట పెరిగినవాడికి మరో కారు అని మెట్లు కట్టి పెట్టారు. అన్నిటికన్నా పెద్ద చమత్కారం ఏమిటంటే, ఏటేటా కారు మూతి మార్చేవాళ్లు. పోయినేటి మూతి చూసుకుంటే కొన్నవాడికే నామోషీగా ఉండాలి, కొత్తది కొనాలి.

“మూతులే మారుస్తారోయ్, లోపలి ఎముకలు చాలా ఏండ్లు అవే ఉంటాయి” అనేవాడు ఫోర్‌మన్. “పెట్టెలు విప్పి బిగించింది మేము. మాకు తెలుసు గదా.”

ఓడల్లో పెట్టెలుగా వచ్చిన ముక్కలను బొంబాయిలో బిగించి బండ్లు చేసేవారు. స్వతంత్రం వచ్చాక సర్కారు, ముక్కలు కూడా ఇక్కడే చేయండి, లేకపోతే మానుకోండి అన్నది. వాళ్లు లెక్కలు చూసుకుని మానుకున్నారు. కార్ఖానా మూసిన నాడు ఆయన తన పానాలు, స్క్రూడ్రైవర్లు అన్నీ తుడిచి అప్పగించి వచ్చాడట. ఆ ముక్క చెప్పేటప్పుడు మాత్రం ఛాయ్ తాగేవాడు కాదు.

ఇక నా పని. జిల్లాల్లో ఆ కంపెనీ బండ్లు ఎక్కడెక్కడున్నాయో వెతికి, చచ్చినవాటిని సేటు తరఫున కొనాలి. వాటిని విప్పి ఆ ముక్కలతో హైదరాబాదులో బతికున్నవాటిని బతికించేవాళ్లం. చూడటానికి కసాయి పనే. నాకు మాత్రం భలే సరదాగా ఉండేది, ఎందుకంటే ప్రతి బండికీ ఒక యజమాని, ప్రతి యజమానికీ ఒక కథ. పాలమూరులో ఒక వకీలు ఇల్లు సరిగ్గా కోర్టు కచేరీకి ఎదురుగా ఉండేది. ఆయన రోజూ కారెక్కి, రోడ్డు దాటి, కారు దిగేవాడు. కేతేపల్లి దగ్గర ఒక పటేలు గారి కారు వెనక సీట్లో కోడి పొదిగింది. పిల్లలు బయటికి వచ్చేదాకా బండి ముట్టనివ్వనని వాళ్లమ్మ నన్ను వాకిట్లోనే నిలబెట్టింది. నేను పిల్లలు దిగాకే మళ్లీ వెళ్లి కొన్నాను. సేటుకు ఆలస్యానికి కారణం చెబితే నమ్మలేదు.

దేవరకొండలో నేను చూడాల్సిన బండి ఒకటే. దాని యజమానే డ్రైవరు కూడా. ఆయన ఒక పాదిరి దగ్గర చాలా ఏళ్లు బండి నడిపాడు. పాదిరి సొంత దేశం వెళ్లిపోతూ, డ్రైవరు కూడబెట్టుకున్నదంతా తీసుకుని కారు ఇచ్చి పోయాడు. వాళ్ల నాయిన దొర దగ్గర జీతగాడు, అంటే కట్టుబడి చాకిరీ చేసే పాలేరు, తాతా జీతగాడే. ఊరికి దూరంగా ఉండే వాళ్ల వాడలో మోటారు సొంతంగా ఉన్న మొదటి మనిషి ఈయన. కారును కిరాయికి తిప్పేవాడు. దేవరకొండ గుట్ట చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికి పానం మీదికి వచ్చినా నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోవడానికి అదొక్కటే దిక్కు.

నేను వెళ్లేసరికి బండి ఇంటి ముందర నిలబడి ఉంది. ఇంజను మోగుతోంది కానీ చక్రం కదలడం లేదు. వెనక ఇరుసు నడుమ ఒక గుండు ఉంటుంది, దాంట్లో పళ్ల చక్రాలుంటాయి. ఇంజను బలం చక్రాలకు చేరేది వాటి గుండానే. ఆ పళ్లు అరిగి, రాలిపోయాయి. మూత విప్పి వేలు పెట్టి చూస్తే నల్లగా చిక్కగా ఏదో అంటింది. వాసన చూశాను. ఆముదం.

“ఇదేమిటయ్యా?” అన్నాను.

ఆయన ఇంట్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. “కందెన సార్. దాంట్ల పోసే ఆయిలు ఏడ దొరకలే. మా నాయిన దొర బండ్లకు బతుకంత కందెన పెట్టిండు. నీ బండికి నేను జేసిస్త బిడ్డా అని, గడ్డి కాల్చి, ఆముదంల కలిపి, పొద్దంత కూసోని నూరిండు. ఎట్ల వద్దంట?”

ఎడ్ల బండి ఇరుసుకు అదే కందెన. అందులో ఆముదం వరకు బాగానే ఉంది, కాలిన గడ్డి బూడిదే కొంప ముంచింది. పళ్ల మధ్య చేరి సానరాయిలా పనిచేసింది. ఇంకేం అడగబోతానోనని ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

“మా నాయినకు చెప్పకుండ్రి సార్. నీ కందెనతోటే గిన్ని దినాలు నడిచిందని చెప్పిన.”

ముసలాయన అరుగు మీద కూర్చుని మా వైపే చూస్తున్నాడు. నేను గట్టిగా, “కందెన మంచిగుంది తాతా, బండే పాతదైంది” అన్నాను. ఆయన తలూపాడు.

నా దగ్గర సేటు హుకుం ఉంది. సంత నాటికి లారీ వస్తుంది, దేవరకొండ బండిని, హాలియా దారిలో ఒక గొర్ల కాపరి దగ్గర ఉన్న ఇంకో బండిని రెండింటినీ కొని ఎక్కించుకుని రావాలి. సేటు లెక్కలో కదలని బండి చచ్చిన బండే. రెండో బండి సంగతితో సహా ఆ హుకుమంతా డ్రైవరుకు చెప్పాను. ఆయన కారు మీద చెయ్యి వేశాడు.

“ఇది పోతె నేను మళ్ల జీతానికి పోవాలె సార్. మా నాయిన ముంగట నేను గా పనికి పోలేను. ఆ గొర్లాయన బండిల ఇరుసు మంచిగుంటె, జర అడిగి చూద్దామా?”

నా ఉద్యోగ ధర్మం ప్రకారం లేదు అనాలి. కానీ గొర్ల కాపరి దగ్గరికి మోటారు కారు ఎలా వచ్చిందో తెలుసుకోవాలని నాకు అప్పటికే దురద పుట్టింది. డ్రైవరు తన మేనమామ ఎడ్ల బండి కట్టించాడు. ఇద్దరం బయలుదేరాం.

ఆ గొర్ల కాపరి పెద్దాయన తన పల్లె చివర, గొర్ల దొడ్డి పక్కనే ఉండేవాడు. దొడ్డిలో ఒక మూలకు తడకలు కట్టి, పైన గడ్డి కప్పిన పాకలో కారు ఉంది. దుమ్ము లేదు. సాయుధ పోరాటపు గడబిడ రోజుల్లో ఊరి దొర, జనం తగలబెడతారేమోనన్న భయంతో బండిని రాత్రికి రాత్రి దొడ్డిలో దాచి పట్నం పోయాడట. మళ్లీ రాలేదు. కొన్నేళ్లకు కబురు పంపాడు, ఇన్నాళ్లు నా మంద కాసినందుకు దాన్ని నువ్వే ఉంచుకో అని. దొర డ్రైవరు పోతూపోతూ చెప్పిన ఒక్క మాట పెద్దాయన మరిచిపోలేదు. ప్రతి అమావాస్యకూ బండి మూతి దగ్గర ఇనుప హ్యాండిలు పెట్టి ఇంజను తిప్పేవాడు. పెట్రోలు లేదు, ఎక్కడికి పోయేది లేదు, అయినా తిప్పేవాడు.

“ఎందుకు పెద్దయ్యా?” అన్నాను.

“పానం పోకుంట.”

నేను కొనే సంగతి ఎత్తగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. “దీన్ని కోతకు అమ్మను సారూ. పానం ఉన్న జీవే అయినా గొర్రెనైతె అమ్ముత, అది తినేటిది. దీన్ని ముక్కలు జేసి ఏం తింటరు?”

బేరం అక్కడితో ఆగిపోవాలి. కానీ ఆయనకు కూడా నా జబ్బే ఉందని నాకు అర్థమైంది. ఈ బండి ఏ దేశంలో పుట్టింది, చేసిందెవరు, వాళ్లు మళ్లీ రారా అని మొదలుపెట్టాడు. నేను గొంగడి మీద కూర్చుని ఫోర్‌మన్ చెప్పిన కథంతా చెప్పాను. బగ్గీల పెద్దమనిషిని సొంత కంపెనీలోంచే వెళ్లగొట్టారంటే ఆయన తన భార్యను, అంటే అవ్వను, ఇంట్లోంచి పిలిచి ఆ ముక్క మళ్లీ చెప్పించాడు. ఏటేటా మూతి మారుస్తారన్నది మాత్రం ఆయనకు మింగుడు పడలేదు.

“మూతి మారిస్తె పాలెక్కువిస్తదా?”

“లేదు పెద్దయ్యా. చూడటానికే.”

“మల్ల కొనెటోనికి ఎర్కలేదా?”

“తెలుసు. తెలిసీ కొంటారు.”

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఈ సందులో డ్రైవరు కారు చుట్టూ తిరిగి చూసి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. “ఇది వేరే బండి సార్. ముంగటి జాలి వేరే, లైట్లు వేరే, డోర్లు వేరే. మనకు పనికిరాదు.”

నిజమే, పక్కపక్కన పెడితే రెండూ ఒక ఇంటి బండ్లని ఎవరూ అనరు. కానీ ఫోర్‌మన్ మాట చెవిలో ఉంది. ఇద్దరం చొక్కాలు విప్పి గొర్రె పెంటికల మీద వెల్లకిలా పడుకుని కారు కిందికి పాకాం. పెద్దాయన కూడా పక్కనే పడుకుని మెడ సాచాడు. దేవరకొండ బండి కొలతకు ముడి వేసి తెచ్చిన తాడుతో కొలిచాం, బోల్టులు చూశాం, గుండు మూత చూశాం. మూతులు మార్చినవాళ్లు ఇరుసును ముట్టుకోలేదు. డ్రైవరు కిందనే పడుకుని “దేవా” అన్నాడు. నాకు ఆ కంపెనీ మీద ఎన్నడూ లేనంత గౌరవం పుట్టుకొచ్చింది.

పెద్దాయనకు మాత్రం అదే చిక్కయింది. ఇవ్వాలని లేదు, ఇవ్వనని అనలేడు. డ్రైవరు తన సంగతి చెప్పుకున్నాడు, మళ్లీ జీతానికి పోవాల్సి వస్తుందన్న మాట కూడా దాచలేదు. పెద్దాయన గడ్డం గోక్కుంటూ, “ఇరుసు తీస్తె మాది కుంటిదైతది గద” అన్నాడు.

అప్పుడు అవ్వ అందుకుంది. “అది ఏడికి పోతాంది గనక? అమ్మకుంటె అమ్మకు. పాలుకియ్యరాదు?”

మీకు తెలియదేమో, గొర్లు మేకలున్నవాళ్లలో అదొక పద్ధతి. మేపలేనివాడు తన గొర్రెను ఇంకొకరికి మేపమని ఇస్తాడు. తల్లి ఎప్పటికీ ఇచ్చినవాడిదే. దానికి పుట్టిన పిల్లల్లో సగం ఇచ్చినవాడికి, సగం మేపినవాడికి. ఎవరి సగం వాళ్ల పాలు, అంటే వాటా. పెద్దాయన ముఖం విప్పారింది. అమ్మకుండా, ఇవ్వకుండా, ఇచ్చే దారి దొరికింది.

“అయితె ఇను డ్రైవరూ. ఇరుసు నాది. ఎన్నేండ్లు తిరిగినా నాదే. నీ ఇరిగిన ఇరుసు దీనికి పెట్టు, చక్రాల మీద నిలవడాలె. మా పల్లెల ఎవలికి పానం బాగలేకున్నా కబురు జేస్తం, బండి రావాలె. కిరాయి లేదు. అది మా పాలు. మిగిలిన తిరుగుడు నీ పాలు. సారు సాక్షి.”

డ్రైవరు రెండు చేతులూ జోడించాడు. పెద్దాయన లేచి, తన మందకు పూసే జాజు తెచ్చి ఇరుసు మీద అడ్డంగా ఒక ఎర్ర గీత గీశాడు. పాలుకు పోయే జీవికి గుర్తు ఉండాలి కదా.

మరునాడంతా ఎడ్ల బండి మీద ఇరుసులు అటూ ఇటూ చేరవేసి మార్చడంతోనే సరిపోయింది. దేవరకొండలో బండి కదిలినప్పుడు డ్రైవరు నాయిన అరుగు దిగి వచ్చి, వెనక చక్రం దగ్గర వంగి చూసి, “ఈసారి కందెన ఇంక జర చిక్కగ జేస్త” అన్నాడు. డ్రైవరు నా వైపు బిత్తర చూపులు చూశాడు. ఈ బండికి సేటు పట్నం నుంచి ఆయిలు డబ్బా పంపుతాడని చెప్పి తప్పించాను. నిజంగానే పంపించే పూచీ తరువాత నా నెత్తిన పడింది.

సంత నాటికి వచ్చిన లారీ ఖాళీగా వెనక్కి పోయింది. సేటు నన్ను నిలబెట్టి కడిగేశాడు. “కొనుక్కు రమ్మని పంపితే, వియ్యం కలిపి వచ్చావా?” అన్నాడు. జీతంలో పెరుగుదల ఆ ఏడాది లేదు. ఫోర్‌మన్ మాత్రం నన్ను పక్కకు పిలిచి ఇరుసు సంగతి మొదటి నుంచి చెప్పించుకున్నాడు. అమెరికాలో ఆ పెద్దమనిషి వింటే వీళ్లను మేనేజర్లుగా పెట్టుకునేవాడన్నాడు. కానీ ఒక్కటి అడిగాడు, “కబురు వస్తే వాడు నిజంగా పోతాడంటావా? కిరాయి వదులుకుని?”

నాకూ అదే అనుమానం. అందుకే తరువాతి తిరుగుడులో దేవరకొండ వెళ్లినప్పుడు మొదట అదే అడిగాను. ఇప్పటిదాకా కబురు రాలేదన్నాడు డ్రైవరు. ఆ మరునాడు పొద్దున్నే వచ్చింది. పెద్దాయన బిడ్డ కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నొప్పులు మొదలై చాలాసేపైనా కాన్పు కావడం లేదు, మంత్రసాని చేతులెత్తేసింది. అప్పటికే ఒక వ్యాపారి మిర్యాలగూడ పోవడానికి కారు మాట్లాడుకుని, సామాను లోపల పెట్టించి కూర్చుని ఉన్నాడు. మంచి కిరాయి. డ్రైవరు ఒక్క మాట కూడా అనకుండా ఆయన సంచులు ఒకటొకటిగా దించి అరుగు మీద పెట్టాడు. వ్యాపారి తిట్లు మాకు వీధి మలుపు దాకా వినిపించాయి. నేను ముందు సీట్లో కూర్చున్నాను, చెప్పాను కదా, నా జబ్బు.

పల్లెలో ఆ పిల్లను వెనక సీట్లో పడుకోబెట్టారు. అవ్వ తల దగ్గర, మంత్రసాని కాళ్ల దగ్గర. పెద్దాయన ముందు మా ఇద్దరి నడుమ ఇరుక్కున్నాడు. దారి దారిలా ఉండేది కాదు ఆ రోజుల్లో. గుంత వచ్చినప్పుడల్లా వెనక నుంచి ఆ పిల్ల అరుపు, డ్రైవరు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నట్టున్నాడు. పెద్దాయన మాత్రం ముందుకే చూస్తూ, “జర నెమ్మదిగ, జర నెమ్మదిగ” అంటూ పోయాడు, డ్రైవరుతో అంటున్నాడో ఇరుసుతో అంటున్నాడో తెలియదు. నల్లగొండకు ఇంకా చాలా దూరం ఉండగానే అవ్వ, “ఆపు, ఆపు బిడ్డా!” అని అరిచింది.

రోడ్డు పక్కన ఆముదపు చేను. మేం ముగ్గురం దిగి, కారుకు వీపు తిప్పి, చేను వైపు ముఖం పెట్టి నిలబడ్డాం. నాకు భయం పట్టుకుంది. ఇరుసు ఇప్పించి నేనేదో ఘనకార్యం చేశాననుకున్నాను, ఇప్పుడు ఈ పిల్లకేమన్నా అయితే అని. ఎంతసేపు గడిచిందో, ముందు ఏమీ వినపడలేదు. తరువాత చిన్న ఏడుపు.

“ఆడపిల్ల. తల్లి మంచిగనె ఉంది. అయినా దవాఖానకు పోదాం” అన్నది లోపలి నుంచి అవ్వ.

పెద్దాయన వెళ్లి, బిడ్డను తన గొంగడి చెంగులో పెట్టుకుని ఎత్తుకొచ్చాడు. కాసేపు చూసుకున్నాడు. నాకు చూపించాడు. తరువాత పెద్దాయన డ్రైవరు ఎదుటికి పోయి, బిడ్డతో సహా చేతులు చాచాడు.

“పట్టు.”

ఆ రోజుల్లో ఆ రెండు ఇళ్ల మధ్య ఎంత దూరం ఉండేదో మీకు ఎవరూ చెప్పి ఉండరు. డ్రైవరు వాడ నుంచి వచ్చినవాడికి పెద్దాయన వాకిట్లో మంచినీళ్లు దూరం నుంచి దోసిట్లో పోసేవారు. ఇరుసు కోసం పోయిన నాడూ అట్లాగే పోశారు. డ్రైవరు రెండడుగులు వెనక్కి వేశాడు.

“వద్దు పెద్దయ్యా. నేను... నా చేతులు...”

“నీ చేతులకేమైంది? గింత దూరం తెచ్చినయి గద” అన్నాడు పెద్దాయన. “పాలుకిచ్చినంక పద్ధతి పద్ధతే. ఇది నీ తాన పుట్టింది. సగం నీది. పట్టు.”

డ్రైవరు చేతులు చొక్కాకు తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు, ఆ తరువాత చాచాడు. బిడ్డ ఏడుపు మానలేదు. ఆయనకూ కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. అవ్వ లోపలి నుంచి, తల్లి అడుగుతోంది, బిడ్డను ఇటియ్యమని పిలిచింది. ఆయన ఇవ్వడానికి కాస్త ఆలస్యం చేశాడు. మాలో ఎవరమూ తొందరపెట్టలేదు.